ప ఫ బ భ మ లేని వేసవి

కిందటి నెలలో మా వీధి చివరింటావిడకి మూతి వంకర పోతే, వాళ్ళవాళ్ళు వారం రోజులు ఆకుపసర్లు పూయించి, తాయెత్తు కట్టించి, ఆ తర్వాత గానీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. నా సంగతి ముందే రాసి పెట్టి ఉంటే ఎవరో ఒకరు చదివి వాళ్ళకి చెప్పేవారేమో అనిపించింది. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. చదువుతుంటే నవ్వొస్తే నవ్వుకోండి, మొహమాటం వద్దు. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరూ నవ్వారు. నేనొక్కదాన్నే నవ్వలేకపోయాను. నవ్వాలంటే మూతి రెండు పక్కలా కదలాలి కదా.

మాది ధవళేశ్వరం. ముప్ఫై ఒక్కేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా నీటిమట్టం కొలవడంలోనే గడిచింది కాబట్టి ఇంట్లో బకెట్ నిండుతున్నా ఎన్ని అంగుళాలు వచ్చిందో చెబుతారు. ఆయన కుడిచెవి సరిగ్గా వినపడదు. ఎడమచెవి ఆయనకి ఇష్టమైనప్పుడు వినపడుతుంది.

మా ఒక్కగానొక్క కూతురు మాధవి కాకినాడలో ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడిది విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం. లాక్‌డౌన్ పెట్టడానికి రెండు రోజుల ముందు మాధవి పిల్లలిద్దర్నీ తెచ్చి మా ఇంట్లో దింపింది. "రోజూ డ్యూటీ నుంచి ఇంటికెళ్ళి వీళ్ళని ముట్టుకోవాలంటే భయంగా ఉందమ్మా. ఇరవై రోజులు చూసుకో చాలు" అని గుమ్మం బయటినుంచే చెప్పి వెళ్ళిపోయింది. ఆ ఇరవై రోజులు ఎన్నాళ్ళు సాగాయో మీకందరికీ తెలిసిందే.

పెద్దది భవ్య, పన్నెండేళ్ళు. చిన్నవాడు పృథ్వి, ఏడేళ్ళు.

ఏప్రిల్

పొద్దున్నే పళ్ళు తోముకుని పెరట్లో నోరు పుక్కిలిస్తున్నాను. నీళ్ళు ఎదురుగా పడాల్సింది పోయి ఎడమపక్కకి పిచికారీలా చిమ్మి, అరుగుమీద కూర్చున్న మా ఆయన పేపరు తడిసింది. పక్కనే ఉన్న పృథ్వి ఎగిరి గంతేశాడు.

"అమ్మమ్మా, మళ్ళీ చెయ్యవా! ఈసారి కాకిని కొట్టు!"

మళ్ళీ పుక్కిలించాను. మళ్ళీ పక్కకే పోయింది. ఆయన పేపరు దించి నా మొహంకేసి చూశారు. లోపలికెళ్ళి గోడకున్న అద్దం ఊడదీసి తెచ్చి నా చేతిలో పెట్టారు. అద్దంలో నా మొహం రెండుగా ఉంది. కుడిసగం నాదే. ఎడమసగం ఎవరిదో, కిందికి జారిపోయి, కన్ను మూతపడకుండా గుడ్లప్పగించి చూస్తోంది.

మా అత్తగారు పక్షవాతంతో మూడేళ్ళు మంచంలో ఉన్నారు. ఆవిడకి చాకిరీ చేసినదాన్ని నేనే. అద్దం పట్టుకుని నిలబడితే నాకు కనిపించింది నా మొహం కాదు, ఆ మంచం. వెంటనే రెండు చేతులూ పైకెత్తి చూశాను, లేచాయి. ఒంటికాలిమీద నిలబడ్డాను, నిలబడగలిగాను. మాట పోయిందేమోనన్న భయంతో నాకొచ్చిన పరీక్ష నేనే పెట్టుకున్నాను, వర్ణమాల చదివాను. క ఖ గ ఘ వచ్చాయి. చ ఛ జ ఝ వచ్చాయి. ట, త వర్గాలు కూడా చక్కగా పలికాయి. ప దగ్గరికొచ్చేసరికి గాలి ఎడమపక్కనుంచి తప్పించుకుంది. పెదవులతో పలికే అక్షరాలు ఒక్కటీ మాట వినలేదు. ముప్ఫై ఒక్కేళ్ళు "ఇవి ఓష్ఠ్యాలు, రెండు పెదవులూ కలిస్తే గానీ పలకవు" అని నల్లబల్ల మీద రాసి చెప్పానే గానీ, అది ఇంత నిజమని నాకే తెలియదు.

అప్పుడు తట్టింది, మా ఇంట్లో పేర్లన్నీ అవే అక్షరాలని. "వవ్యా, ఫృథ్వీ" అని పిలిచాను. పృథ్వి నవ్వుతూనే ఉన్నాడు. భవ్య మాత్రం నవ్వడం ఆపేసింది.

పిల్లల్ని ఎదురింటి సత్యవతి గారికి అప్పజెప్పి, మా ఆయన మోపెడ్ మీద రాజమండ్రి బయల్దేరాం. బండిమీద ఒక్కరే వెళ్ళాలన్న రోజులవి. ఊరు దాటకముందే కానిస్టేబుల్ ఆపాడు.

"ఇద్దరు వెళ్ళకూడదని తెలీదా మేష్టారూ? ఏంటంత అర్జెంటు?"

మా ఆయనకి కుడిపక్కనుంచి అడిగాడు కాబట్టి ఆయనకి వినపడలేదు. "పొద్దున్న ఆరున్నరకి" అన్నారు. కానిస్టేబుల్‌కి కోపం వచ్చింది. నేను చెబుదామంటే నా మాట నాకే అర్థం కావడంలేదు. ఇక లాభం లేదని మాస్కు కిందికి లాగి మొహం చూపించాను. అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

"అయ్యబాబోయ్. వెళ్ళండి, వెళ్ళండి అమ్మగారూ!" అని అడ్డం పెట్టిన డ్రమ్ము తనే పక్కకి దొర్లించాడు. మళ్ళీ రెండడుగులు బండి వెనకాలే పరిగెత్తుకొచ్చి, "ముందర ఇంకో చోట ఆపుతారండీ. నేను ఫోన్ చేసి చెబుతాలెండి, మీరు మాస్కు తియ్యక్కర్లేదు" అన్నాడు. ఆ మాట అనకపోయినా అతనికి పోయేదేమీ లేదు. అన్నాడు. ఆ రోజు మొత్తంలో నాకు ఏడుపొచ్చింది ఆ ఒక్కసారే.

ఆసుపత్రి వరండాలో కుర్చీలకి ఒకటి విడిచి ఒకటి ఇంటూ మార్కులు వేశారు. పదిమంది ఉన్నారు, ఎవరూ ఎవరి వైపూ చూడటంలేదు. ఒకాయన తుమ్మితే మిగతా తొమ్మిదిమందీ లేచి నిలబడ్డారు. ఆయన పాపం "మిరపకాయ బజ్జీ ఘాటండీ" అని అందరికీ పేరుపేరునా చెప్పుకుంటున్నాడు. గంటన్నర కూర్చున్నాం. ఆ గంటన్నరా మా ఆయన నా ఎడమచేతిని పట్టుకుని, అయిదు నిమిషాలకోసారి "నొక్కు" అనేవారు. నేను నొక్కేదాన్ని. "ఊఁ" అనేవారు.

డాక్టరుగారు ప్లాస్టిక్ తెర వెనకాల కూర్చున్నారు. కుర్రాయన. కనుబొమలు ఎగరెయ్యమన్నారు. కళ్ళు గట్టిగా మూయమన్నారు. తర్వాత, "ఏదీ, ఈల వెయ్యండి మేడం" అన్నారు.

నలభై రెండేళ్ళ కాపురంలో మా ఆయన ముందు నేను ఈల వేసి ఎరగను. ఆయన మర్యాదగా అటు తిరిగి నిలబడ్డారు. నేను పెదవులు సున్నా చుట్టబోయాను. ఉఫ్ అని ఊదిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"ఇది పక్షవాతం కాదండి" అన్నారు డాక్టరుగారు. "మొహానికెళ్ళే నరం వాచింది. ఫేషియల్ పాల్సీ అంటాం. ఇవాళే వచ్చారు, మంచిపని చేశారు. మందులు వెంటనే మొదలుపెడితే చాలామందికి తగ్గిపోతుంది. కొన్ని నెలలు పట్టొచ్చు. కన్ను ఎండిపోకుండా చుక్కలు వేసుకోండి, పడుకునేటప్పుడు గంత కట్టుకోండి. మొహానికి వ్యాయామం చెయ్యాలి. ఇంట్లో ఎవరైనా చేయించేవాళ్ళున్నారా?"

"ఇద్దరున్నారండి" అన్నారు మా ఆయన. ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నారో తర్వాత నాకు తెలిసొచ్చింది. జబ్బు పేరులో కూడా నాకు పలకని అక్షరాలే ఉన్నాయి. ఇంటికెళ్ళాక సత్యవతి గారికి ఆ పేరు నేను చెప్పలేక కాగితంమీద రాసి చూపించాను.

మా ఇంట్లో గొడవ ఆ సాయంత్రమే మొదలైంది. మాధవికి చెబుదామన్నారు ఆయన. వద్దన్నాను. చెబితే అది డ్యూటీ వదిలేసి వచ్చేస్తుంది, రానివ్వకపోతే అక్కడ కూర్చుని కుళ్ళిపోతుంది. దానికున్న భయాలు చాలవా? ఇదంతా చెప్పడానికి నాకు మాట సరిగ్గా రాదు, వినడానికి ఆయనకి చెవి సరిగ్గా లేదు. అరుచుకుంటున్నామే గానీ ఎవరు ఏమంటున్నారో ఇద్దరికీ తెలియడంలేదు. చివరికి పలక తీసి పెద్ద అక్షరాలతో "చెప్పొద్దు" అని రాసి, కింద రెండు గీతలు గీశాను. పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి చదివారు. భవ్యని దగ్గరికి పిలిచి అదే పలక మళ్ళీ చూపించాను. తలూపింది.

వారానికి రెండుసార్లు వార్డు వాలంటీరు అమ్మాయి గేటు దగ్గరికొచ్చి అడిగేది: "జొరం ఉందా అండి? దగ్గు? జలుబు?" పృథ్వి నాకంటే ముందు పరిగెత్తి, "అవేం లేవండి, మా అమ్మమ్మకి మూతి వంకర ఉందండి" అనేవాడు. ఆ అమ్మాయి ఫోన్‌లో కిందికీ పైకీ వెతికి, "ఇందులో అది రాసే చోటు లేదండి. అంటే మీరు బాగున్నట్టే" అని వెళ్ళిపోయేది.

మే

వ్యాయామాల బాధ్యత భవ్య తీసుకుంది. గోడకి టైంటేబుల్ అంటించింది. పొద్దున ఏడింటికి కనుబొమలు, ఏడుంపావుకి బుగ్గలు, సాయంత్రం అయిదింటికి బుడగలు, ఆ తర్వాత డిక్టేషన్. డిక్టేషన్ అంటే అది చెప్పిన వాక్యం నేను తిరిగి పలకాలి. "బాబాయి బామ్మకి పప్పు బూరెలు పంపమంటే బామ్మ బాబాయికి పెరుగు పంపింది." నేను పలికేసరికి బాబాయి కాస్తా వావాయి అయ్యేవాడు, బూరెలు వూరెలయ్యేవి. పదికి మూడు మార్కులు వేసి, పక్కన "శ్రద్ధ పెట్టాలి" అని ఎర్రపెన్నుతో రాసింది. ఆ మాట నేను ఎంతమంది పిల్లల నోటుపుస్తకాల్లో రాశానో! ఒక్కరైనా ఇంటికెళ్ళి నన్ను తిట్టుకోకుండా ఉండి ఉంటారా అని అప్పుడనిపించింది.

ఈల నేర్పడం పృథ్వి పని. నిజానికి ఇంట్లో ఈల వెయ్యకూడదని వాణ్ణి అంతకుముందు నేనే కోప్పడ్డాను. ఇప్పుడు డాక్టరుగారే చెప్పారు గనక పగలంతా ఇంట్లో ఈలలే. ఎదురింటి సత్యవతి గారు రెండురోజులు చూసి, మూడోరోజు కిటికీలోంచి అడిగారు, "ఏంటండీ టీచరుగారూ, ఎవర్ని పిలుస్తున్నారు?"

మా ఆయన తన పద్ధతిలో వైద్యం మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం స్కేలు పట్టుకొచ్చి, నన్ను "ఈ" అనమని, మూతి ఎడమ కొస ఎంత పైకి లేచిందో కొలిచి క్యాలెండరు మీద రాసేవారు. "పోయిన వారం కంటే ఒక గీత పెరిగిందే" అని ఆనకట్టకి వరద నీరు చేరినంత సంబరంగా చెప్పేవారు. పెరగని వారం, స్కేలు మీద తప్పుందనేవారు.

తిండి సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది. మజ్జిగ తాగితే సగం కొంగుకే. మామిడిపండు రసం గడ్డం మీదుగా కారిపోయేది. పృథ్వి ఒక స్ట్రా తెచ్చిచ్చాడు. దాంతో పీల్చాలన్నా పెదవులు కావాలి. అప్పుడు వాడే కనిపెట్టాడు, ఎడమ మూతిని వేలితో నొక్కిపట్టి తాగితే కారదని. మే నెలంతా నేను తాగుతుంటే వాడు వేలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. చిన్న లాకు సూపరింటెండెంటు.

ఇక మాధవి వీడియో కాల్స్. అదొక నాటకం. భవ్య డైరెక్టరు. నన్ను కుర్చీలో అడ్డంగా కూర్చోబెట్టి, కుడిచెంప మాత్రమే కనపడేలా ఫోన్ పట్టుకునేది. చేతిలో ఏదో ఒక పని పెట్టేది. ఆవకాయ ముక్కలు తుడవడం, చింతపండు గింజలు తీయడం.

"ఎదురుగా కూర్చోవేంటమ్మా?"

"ఫనుందే" అనేదాన్ని.

"ఆ మాటేంటి అలా ఉంది?"

పృథ్వి వెనకనుంచి ఠక్కున అందుకునేవాడు, "అమ్మమ్మ నోట్లో తాండ్ర ఉందమ్మా!"

అది బాగా పనిచేసింది. ఎంత బాగా అంటే, ఇక రోజూ నా నోట్లో తాండ్రే. రెండు వారాలయ్యాక మాధవి గట్టిగా కేకలేసింది. "షుగరున్న మనిషివి, పొద్దస్తమానం తాండ్ర తింటావా? నాన్నా, ఆత్రేయపురం నుంచి ఎవరు తెచ్చిపెడుతున్నారు అమ్మకి?" మా ఆయనకి అప్పుడు ఎడమచెవి కూడా వినపడలేదు.

ఇలా నవ్వుతూ రాస్తున్నాను గానీ నెలాఖరుకి నాకు ఓపిక పోయింది. మూడు వారాలు స్కేలు మీద ఒక్క గీత పెరగలేదు. ఒక మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్ళబోతే పృథ్వి అద్దం ముందు నిలబడి, ఎడమ మూతి వేలితో కిందికి లాగిపట్టి "ఫఫ్ఫు, ఫఫ్ఫు" అంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. వీపుమీద ఒకటి వేశాను. పిల్లల మీద చెయ్యెత్తడం అదే మొదటిసారి.

వాడు ఏడవలేదు. ఆశ్చర్యంగా చూశాడు. "నీ మాటలు నేర్చుకుంటున్నా అమ్మమ్మా. నిన్న నువ్వు పప్పు అడిగితే తాతయ్య ఉప్పు తెచ్చాడు. నువ్వు అన్నం వదిలేసి లేచిపోయావు. నాకొచ్చేస్తే నేను చెబుతాగా తాతయ్యకి" అన్నాడు.

నేను మంచం మీద కూలబడ్డాను. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని "క్షమించరా" అందామనుకున్నాను. "క్షవించరా" అని వచ్చింది. వాడు వెంటనే వంటింటికేసి తిరిగి, "తాతయ్యా, అమ్మమ్మ సారీ అంటోంది!" అని కేకేశాడు. అక్కణ్ణుంచి ఆయన, "నాకెందుకూ సారీ?" అన్నారు.

జూన్

ఆంక్షలు కాస్త సడలించగానే మాధవి ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా వచ్చేసింది. లోపలికి రానంది. గేటు బయటే నిలబడి పిల్లల్ని చూసి వెళ్ళిపోతానంది. నాకు రెండు నిమిషాలు టైముంది. మాస్కు కట్టుకున్నాను. మూతపడని కంటికి మా ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాను. చీర కొంగు తలమీదుగా లాక్కుని అరుగుమీదికొచ్చాను.

మాధవి నన్ను చూసి చేతులు జోడించింది. "అమ్మా, ఇంట్లో కూడా మాస్కు పెట్టుకుంటున్నావా! కళ్ళకి కూడా అడ్డం! మా ఆసుపత్రిలో డాక్టర్లు కూడా ఇంత జాగ్రత్తగా లేరు" అంది. భవ్య స్తంభం వెనక్కి వెళ్ళి చున్నీ నోట్లో కుక్కుకుంది. పృథ్వి, "అమ్మమ్మ చాలా జాగ్రత్తమ్మా" అని చాలా గంభీరంగా చెప్పాడు.

అది పావుగంట నిలబడి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. నేను మాస్కు తీశాక చూసుకుంటే, ఎడమపక్క పెదవి కొస కొద్దిగా పైకి లేచి ఉంది. మా ఆయన స్కేలు కోసం పరిగెత్తారు.

ఆగస్టు

నిదానంగా సర్దుకుంది. ముందు మ వచ్చింది. "మాధవీ" అని నా కూతురి పేరు సరిగ్గా పలికిన రోజు, వీధిలోకి వినపడేలా నాలుగుసార్లు పిలిచాను. తర్వాత బ, ఆఖరున ప. డిక్టేషన్లో పదికి ఎనిమిది వచ్చాయి.

జూలైలో మాత్రం భవ్య మారింది. నవ్వడం తగ్గించింది. వ్యాయామాలు మునుపటికంటే కఠినంగా, పూటకి రెండుసార్లు చేయించేది. అన్నం సగంలో వదిలేసేది. అడిగితే ఉక్కగా ఉందనేది. మాధవి ఫోన్ చేస్తే తనే తీసుకుని పెరట్లోకి వెళ్ళేది, తర్వాత రెండు నిమిషాలు మాకిచ్చేది. పెద్దదవుతోంది, తల్లి కావాలనిపిస్తోంది అనుకున్నాను.

ఆగస్టు చివర్లో మాధవి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చింది. మనిషి సగమైపోయింది. కాళ్ళు కడుక్కుని కూర్చుని, "అమ్మా, నీకొకటి చెప్పాలి. కంగారుపడకూడదు" అంది.

"నేనూ నీకొకటి చెప్పాలి" అన్నాను.

తనకి జూలైలో కరోనా వచ్చిందట. తను పనిచేసే ఆసుపత్రిలోనే పన్నెండు రోజులు మంచం మీద ఉందట. మొదటి నాలుగు రోజులూ ఊపిరాడటం కష్టమైందట. నాకు బీపీ ఉందని చెప్పలేదట. అంతా విన్నాక నా సంగతి చెప్పాను. అది నా మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎలా దాచావే ఇంత?" అంటే, "నువ్వెలా దాచావే?" అన్నాను. ఇద్దరం ఒకర్నొకరు తిట్టుకోవడం మొదలుపెట్టాం.

"నాకు రెండూ తెలుసు" అంది భవ్య.

అది వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆన్‌లైన్ క్లాసులకి వాడే ఫోన్‌లో వాళ్ళ నాన్న ఇంకెవరికో పంపబోయి పొరపాటున పంపిన మెసేజి చూసిందట. మాధవికి ఫోన్ చేసి అడిగితే, "అమ్మమ్మకి చెప్పొద్దు" అందట. అప్పటికే నేను పలక మీద రాసి చూపించాను కదా, అమ్మకి చెప్పొద్దని.

"ఇద్దరూ నాకే చెప్పొద్దన్నారు" అంది. "నేనెవరికి చెప్పుకోను?"

మా ఇద్దరికీ నోట మాట రాలేదు. ఈసారి నరం తప్పు కాదు. మాధవి లేచి దాన్ని దగ్గరికి లాక్కుంది. ఆ పన్నెండు రోజులూ నా బుగ్గల్లో గాలి నింపించి, అంకెలు లెక్కపెడుతూ నిలబడ్డ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండెలో కలుక్కుమంటుంది. పెద్దవాళ్ళు చదువుతుంటే ఒక్క మాట చెబుతాను. మీ జబ్బులు ఒకరికొకరు చెప్పుకోండి. దాచిన బరువు ఎక్కడికీ పోదు. ఇంట్లో ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది.

ఆ మధ్యాహ్నం అందరం కింద వరసగా కూర్చుని భోంచేశాం. కంద బచ్చలి కూర, కందిపచ్చడి. భవ్య రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది. రెండో ముద్దకే నా ఎడమకన్ను ధారగా కారడం మొదలైంది.

"ఏడవకే అమ్మా, అయిపోయింది కదా" అంది మాధవి.

"ఏడుపు కాదే, నమలడం" అన్నాను. వారం కిందటే ఇది మొదలైతే డాక్టరుగారికి ఫోన్ చేశాను. నరం మళ్ళీ అతుక్కునేటప్పుడు నోట్లో నీళ్ళూరించే తీగ పొరపాటున కంటికి తగులుకుందట, అందుకని తిన్నప్పుడల్లా ఆ కన్ను కారుతుందట, ప్రమాదమేమీ లేదట. ఈ వివరమంతా చెప్పాను. మాధవి పగలబడి నవ్వింది. "అంటే ఇకనుంచి పెళ్ళి భోజనాలకి నిన్ను ఆడపెళ్ళివారి పంక్తిలో కూర్చోబెట్టాలి" అంది. మా ఆయన ఏమైందో వినపడకపోయినా అందరితో పాటు నవ్వారు. భవ్య కూడా నవ్వింది.

నా ఎదురుగా కూర్చున్న పృథ్వి మాత్రం తినడం ఆపి నాకేసి తేరిపార చూశాడు.

"అమ్మమ్మా, కుడికన్ను కూడా కారుతోంది."

దాని గురించి డాక్టరుగారు ఏమీ చెప్పలేదు. నేను కొంగుతో తుడుచుకుని, కందిపచ్చడి ఇంకాస్త వెయ్యమన్నాను.